పదిహేను రాయి

ధర్మవరం,
11 ఏప్రిల్ 1999

తిరుపాల్‌కు,

దీవెనలు చివర్లో రాస్తాను. ముందు తిట్లున్నాయి.

నువ్వు పంపిన చేతికర్ర అందింది. కింద రబ్బరు, పైన ఇత్తడి పొన్ను, నున్నగా వార్నిషు. ఎనభై ఏళ్ళ పెద్దమనిషికిస్తే మురిసిపోతాడు. నాకు ముప్పై ఒకటిరా. ఆస్పత్రివాళ్ళిచ్చిన కర్రనే అటక మీద పడేద్దామని చూస్తుంటే నువ్వు రెండోది పంపావు. చిన్నమ్మ దాన్ని రెండు మేకులకు కట్టి పట్టునూలు ఆరేసుకుంటోంది. దానికి తగిన పని దొరికింది.

నిన్న డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూశాడు. తొడ ఎముక బాగా అతుక్కుందట, లోపలి రాడ్డు కుదురుగా ఉందట, ఇక ధైర్యంగా నడవమన్నాడు. ఆ ధైర్యం ఏ మందుల షాపులో అమ్ముతారో మాత్రం చీటీలో రాయలేదు. నాలుగు నెలలు మంచంలో ఉండి కుడి తొడ ఎడమదాని కంటే నాలుగు వేళ్ళు సన్నబడింది. చూస్తే వేరే ఎవరిదో కాలు తెచ్చి తగిలించినట్టుంది.

వస్తూ వస్తూ బస్టాండులో హిందూపురం బస్సు చూశాను. మా డిపో బస్సే. ఊరికే ఒకసారి ఎక్కి దిగుదామనుకున్నాను. ఫుట్‌బోర్డు మీద పెట్టడానికి కాలు లేవలేదు. నొప్పి లేదు తిరుపాలూ, భయం. రెండేళ్ళు అదే మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి విజిలేసినదాన్ని. వెనకాల ఒక ముసలామె, "ఏమ్మా, ఎక్కుతావా, జరుగుతావా?" అంది. జరిగాను. అలా పక్కకు జరిగినందుకు ఇంటికొచ్చి ఏడ్చాను. ఎముక విరిగినప్పుడు కూడా అంత ఏడవలేదు.

చిన్నమ్మ వాళ్ళ వీధి చివర శామ్యూల్ సారని ఉన్నాడు. రైల్వేలో చేసి రిటైరైనాయన, వయసులో బరువులెత్తి కప్పులు గెలిచాడు. క్వార్టర్సు వెనక రేకుల షెడ్డులో ఇప్పటికీ గ్యాంగ్‌మన్లకు కసరత్తు నేర్పుతాడు. నేను గోడ పట్టుకుని వస్తుంటే పిలిచి స్టూలు వేశాడు. "చేతులు ఆనించకుండా లెయ్ చూస్తాం," అన్నాడు. లేవలేకపోయాను. "ఎముక డాక్టరు పని. అది అయిపోయింది. కండ నీ పని. అది ఇంకా మొదలే పెట్టలేదు నువ్వు," అన్నాడు. జాలిపడకుండా మాట్లాడిన మొదటి మనిషి.

జనవరిలో మెడికల్ బోర్డు ఉంది. ఫిట్ అంటే నా టికెట్ల సంచి నాకు. అన్‌ఫిట్ అంటే ఇంటికి. మా పెద్ద క్లర్కు ఏమన్నాడో నాతో పనిచేసే కండక్టరు జయలక్ష్మి చెప్పింది. "కండక్టరంటే టికెట్లు కొట్టేదొక్కటే కాదు. ఇరవై కిలోల మూట టాపు మీదికి ఎక్కించి చూపియ్యమను, అప్పుడు చూస్తాం," అన్నాడట, అందరూ నవ్వారట. వాళ్ళు నవ్వనీ. నాకు మాత్రం ఆ ఇరవై కావాలి.

సారు దగ్గరున్న ఇనుమంతా మగవాళ్ళ బరువు. నాకు చిన్నవి కావాలి, రాళ్ళయినా చాలన్నాడు. మన పోతులయ్య తాత రోళ్ళు కొట్టేచోట మిగిలిన ముక్కలుంటాయి కదా. రెండు, ఐదు, పది, పదిహేను, ఇరవై. ఐదు రాళ్ళు తూచి చేయించు. పట్టుకోవడానికి రెండు పక్కలా పిడి తీయమను. ఒక్కోదాని మీద అంకె చెక్కించు, నాకు లెక్క తప్పకూడదు.

ఇప్పుడు దీవెనలు. చల్లగా ఉండు. ఇంకోసారి కర్ర పంపితే దానితోనే కొడతాను.

అక్క
నీలావతి

తా.క. ఉత్తరం జయలక్ష్మి చేతికిస్తున్నాను. నువ్వూ మా బస్సులకే ఇవ్వు. పోస్టులో వేస్తే మూడు రోజులు.


పెనుకొండ,
19 ఏప్రిల్ 1999

అక్కకు తిరుపాల్ నమస్కారాలు.

కర్ర గురించి క్షమించు. షాపులో అదే గట్టిగా కనిపించింది.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "రాళ్ళెత్తుతుందంటనా? ఆ రాడ్డు వంగిపోతే ఎవురు తీసేది?" అని అన్నం మానేసింది. నాకూ భయంగానే ఉందక్కా. మెల్లగా నడిస్తే చాలదా?

ఇంకో సంగతి. ఆంజనప్ప మామ వచ్చిపోయాడు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు అన్‌ఫిట్ అయితే ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం ఇస్తారట. "పిల్ల కష్టపడేది ఎందుకు? వీడు బి.కాం చదివి ఊరికే ఉండాడు. కాగితం పెడదాం," అన్నాడు. అమ్మ కూడా నిన్ను అడగమంది. నేను చెప్పడం లేదు, అమ్మ రాయమంటే రాస్తున్నాను.

రాళ్ళ సంగతి పోతులయ్య తాతకు చెప్పాను. చేస్తానన్నాడు.

జాగ్రత్త. జాగ్రత్త.

తమ్ముడు
తిరుపాల్


ధర్మవరం,
4 మే 1999

అమ్మ రాయమంటే రాసే తమ్ముడికి,

రాళ్ళు దిగాయి. జయలక్ష్మి వాటిని డ్రైవరు వెనకాల పెట్టించి తెచ్చింది. ఎవరో పెద్దాయన "ఏమమ్మా, గుడి కడతాండారా?" అని అడిగాడట. "అవును సామీ, మా నీలావతికి," అందట.

రాళ్ళు బాగున్నాయి. పిడి నా చేతికి సరిగ్గా కుదిరింది. అంకెలు మాత్రం కోడి కెలికినట్టున్నాయి. తాతకు చూపు మందగించిందా? ఐదు అంకె తలకిందులుగా నిలబడింది.

ఇక నీ రెండో సంగతి. మామకు చెప్పు, నేను ఇంకా చావలేదని. నా ఉద్యోగం పంచుకునే సామాను కాదు. పరీక్ష రాసి, కొలతలకు నిలబడి, మగవాళ్ళు "ఆడోళ్ళకెందుకమ్మా ఈ సంచి" అంటుంటే తెచ్చుకున్నది. అమ్మ అడగమంది, మామ పెడదామన్నాడు, సరే. నువ్వేమంటున్నావు? ఉత్తరమంతా వెతికాను. నీ మాట ఒక్కటి కూడా లేదు. నీకు కావాలంటే కావాలని నా మొహం మీద అడుగు, అప్పుడు జవాబిస్తాను.

ఇక్కడ నా రోజు ఇలా ఉంది. పొద్దున ఆరుకు షెడ్డుకు పోతాను. ముందు పడుకుని కాలు లేపడం పది సార్లు. తర్వాత స్టూలు మీంచి లేవడం. మొదట నాలుగు పాత దిండ్లు వేసి ఎత్తుగా చేశాడు సారు, వారానికొకటి తీసేస్తున్నాడు. నిన్న రెండో దిండు పోయింది. రెండు రాయి ఒళ్ళో పెట్టుకుని లేస్తున్నాను. అంత చిన్నదానికే తొడ వణుకుతుంది, మిషన్ కుట్టినట్టు. గ్యాంగ్‌మన్లు మొదట్లో చూసి తల తిప్పుకునేవాళ్ళు. ఇప్పుడు లెక్కపెడుతున్నారు, "ఎనిమిది, తొమ్మిది, ఇంకొకటి అక్కా."

రెండు రాయికే ఇలా వణికితే ఇరవై ఎప్పటికో. అయినా సరే.

నీలావతి


పెనుకొండ,
15 మే 1999

అక్కా,

నువ్వడిగినదానికి ఉత్తరంలో జవాబు రాయడం నాకు రాదు. రాసి రాసి నాలుగు కాగితాలు చింపాను.

ఒకటి మాత్రం అడుగుతాను. ఆ రోజు గురించి నువ్వు ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. గుట్టూరు మలుపులో బండి నడిపింది నేను. కంకర మీద టీవీఎస్ జారింది నా చేతుల్లోనే. నాకు మోచెయ్యి గీరుకుంది, నీకు తొడ విరిగింది. ఆస్పత్రిలో నీ మంచం పక్కన కూర్చున్నది కొన్ని రోజులే అయినా ఏళ్ళు కూర్చున్నట్టుంది నాకు. నువ్వు తిట్టలేదు. కర్ర పంపితే తిడతావు, కాలు విరగ్గొడితే తిట్టవు. ఎందుకు?

బండి ఇంటి వెనక గోనెపట్ట కప్పి పెట్టాను. మళ్ళీ తీయలేదు.

కోపముంటే రాసెయ్యి.

తిరుపాల్


ధర్మవరం,
22 ఆగస్టు 1999

తిరుపాల్‌కు,

మూడు నెలలు రాయలేదని అమ్మ జయలక్ష్మితో చెప్పి పంపింది. రాయడానికి చేతులు ఖాళీ లేవు, రాళ్ళున్నాయి.

దిండ్లన్నీ పోయాయి. స్టూలు కూడా పోయింది. ఇప్పుడు ఇటుకల మీద పలక వేసి దాని మీదికి ఎక్కి దిగుతున్నాను, ఒక్కో కాలితో పదిహేనేసి సార్లు. ఆ పలక ఎత్తు మా బస్సు ఫుట్‌బోర్డు ఎత్తే. సారు బస్టాండుకు పోయి టేపుతో కొలుచుకొచ్చాడు. కండక్టరు "ఏం చేస్తాండావు సామీ?" అని అడిగితే "మీ కండక్టరు కోసమే," అన్నాడట.

చిన్నమ్మ ఉలవలు ఉడికించి పెడుతోంది, రోజుకు రెండు గుడ్లు. ఆమె మగ్గం గుంతలో కూర్చుని నేస్తూ నన్ను చూస్తుంటుంది. మొన్న అంది, "ముప్పై ఏండ్లుగా తొక్కుతాండా ఈ మగ్గం. నా కాళ్ళు కూడా బలమైనవే అని ఇన్నాళ్ళకు తెలిసింది నాకు."

పది రాయి నేల మీంచి నడుము దాకా ఎత్తుతున్నాను. వీపు నిటారుగా పెట్టి, మడమలతో నేలను తోసినట్టు లేవాలి. మొదటిసారి లేచినప్పుడు నవ్వొచ్చింది. ఎనిమిది నెలల తర్వాత నా కాలు నేను చెప్పిన మాట వింది.

కానీ పదిహేను కదలడం లేదు. ఆరు వారాలుగా రోజూ దాని ముందు నిలబడుతున్నాను. మట్టిలోకి వేళ్ళు దిగినట్టు కూర్చుంది. పదికే ఇంత కష్టమైతే ఇరవై నా వల్ల అవుతుందా? శామ్యూల్ సారును అడిగితే "నంబరు చూడొద్దు. రాయిని మర్చిపో. మోకాలు లోపలికి పడకుండా చూసుకో," అంటాడు. చెప్పడం సులువు. పదిహేను దగ్గర ఆగిపోయినదాన్ని ఇరవై మోయమంటారు జనవరిలో.

నువ్వేదో అడిగావు. దాని గురించి ఇప్పుడు రాయలేను. తర్వాత.

నీలావతి


పెనుకొండ,
3 సెప్టెంబరు 1999

అక్కా,

తర్వాత అన్నావు. సరే.

పదిహేను కదలడం లేదంటే ఆపెయ్యక్కా. దాని మీద పడి మళ్ళీ ఏమన్నా అయితే అమ్మ తట్టుకోలేదు, నేను అసలు తట్టుకోలేను. డిపోలో కుర్చీలో కూర్చునే పనేమన్నా ఉంటుందేమో. నువ్వు చేసింది చాలా ఎక్కువ. ఇక్కడితో చాలు.

నేను వచ్చేవారం హిందూపురం పోతున్నాను. చిన్న పనుంది.

తిరుపాల్


ధర్మవరం,
2 నవంబరు 1999

తిరుపాల్‌కు,

ఈ ఉత్తరం జయలక్ష్మి చేతికివ్వడం లేదు, ఆమె చదివితే సిగ్గు. పోస్టులో వేస్తున్నాను.

హిందూపురంలో నీకున్న చిన్న పని ఏమిటో తెలిసింది. మా డిపో ఆఫీసులో పెద్ద క్లర్కు టేబులు ముందు నువ్వు కాగితం పట్టుకుని నిలబడి ఉండగా జయలక్ష్మి చూసింది. పక్కన ఆంజనప్ప మామ కూడా ఉన్నాడట. నాకు చెప్పాలా వద్దా అని ఆమె ఇన్నాళ్ళు మింగుకుని నిన్న చెప్పింది. మొహం మీద అడగమన్నాను కదరా నిన్ను. వెనకాల పోయి అడిగావు.

అది ఒకటి. రెండోది విను.

పదిహేను రాయి కదిలింది. సెప్టెంబరు ఇరవై ఏడున ఒకసారి లేచింది. అక్టోబరు మూడోవారానికి వరసగా ఐదుసార్లు ఎత్తాను. పదిహేనుకే ఇంత కాలం ఎందుకు పట్టిందా అని అనుమానమొచ్చి, నిన్న రాళ్ళన్నీ బండి మీద పెట్టించుకుని రైల్వే పార్శిలు కాటా మీద తూచాను. రెండు రాయి రెండు కిలోల ఎనిమిది వందలు. ఐదుది ఏడు. పదిది పద్నాలుగు. ఇరవైది ఇరవై ఎనిమిది. పదిహేనుది ఇరవై ఒకటి!

ఒక్క రాయైనా సరిగ్గా లేదు. ఒకటి తప్పితే పొరపాటంటాను. అన్నీ తప్పితే? జూలై నుంచి ఆ పదిహేను ముందు నిలబడి, నేను చేతకానిదాన్ని, పదిహేను కిలోలు ఎత్తలేని ఆడదాన్ని కండక్టరెవరు చేస్తారని నన్ను నేను తిట్టుకున్నాను. రోజూ. నువ్వేమో "ఆపెయ్యక్కా, కుర్చీలో కూర్చునే పనేమన్నా ఉంటుందేమో," అని రాశావు. తక్కువ అంకెలు చెక్కించి బరువు రాళ్ళు పంపితే నేనే విసిగి మానేస్తానని ఎవరు చెప్పారు నీకు? మామా?

మానను. నీకు ఉద్యోగం కావాలంటే ఇంకెక్కడన్నా వెతుక్కో. నా కాలు విరిచినప్పుడు నిన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అంటున్నాను. నువ్వు నా తమ్ముడివేనా?

నీలావతి


పెనుకొండ,
6 నవంబరు 1999

అక్కా,

ఉత్తరం చదివి అక్కడే రాళ్ళ మీద కూర్చుండిపోయాను. రాళ్ళెక్కడివంటావా? చెప్తాను. అన్నీ చెప్తాను, ఈసారి కాగితం చింపను.

నేను ఏప్రిల్ నుంచి పోతులయ్య తాత దగ్గర పని చేస్తున్నాను. రోళ్ళు, విసుర్రాళ్ళు కొడుతున్నాను. బి.కాం చదివి సుత్తీ ఉలీ పట్టానంటే నువ్వు నవ్వుతావని రాయలేదు. ఆ కోడి కెలికిన అంకెలు నావే. నేను రాతి మీద చెక్కిన మొదటి గీతలు అవి. ఐదు తలకిందులైంది నా వల్లే.

నీ ఉత్తరం అందగానే తాతను అడిగాను.

"తాతా, ఆ పదిహేను రాయి ఇరవై ఒక్క కిలో తూగిందంట. తూకం తప్పినావే?"

"నా తూకం తప్పేదేందిరా! పదిహేను వీశెలు ముల్లు కదలకుండా తూచి ఇస్తి."

"వీశెలా? అక్క అడిగింది కిలోలు గదా!"

"కిలోలని నువ్వు యాడ చెప్తివి? రెండు, ఐదు, పది అంటివి. రోలైనా బెల్లమైనా నేను తూచేది వీశెల్లోనే."

షెడ్డు మూలన గోనెసంచిలో వాళ్ళ నాయన కాలంనాటి ఇనప వీశె గుండ్లున్నాయి అక్కా. దేశమంతా కిలోలొచ్చి నలభై ఏళ్ళైంది, ఆ సంచిలోకి మాత్రం రాలేదు. ఒక వీశె అంటే కిలో నాలుగువందలు. నేనూ నీ ఉత్తరం చూడకుండా అంకెలు నోటితో చెప్పాను. బస్టాండుకు మోసుకొచ్చేటప్పుడు చేతులు లాగాయి. రాయి కదా, అంతే ఉంటుందనుకున్నాను. తప్పు నాది, తాతది. మామకు దీనిలో అంత తెలివి లేదు.

ఇక డిపో సంగతి. మామ అమ్మ చేత వేలిముద్ర వేయించి, నాకు ఉద్యోగం ఇమ్మని కాగితం పెట్టాడు. అది తెలిసి పోయాను. జయలక్ష్మి చూసిన కాగితం నాదే. దానిలో రాసింది ఇది, "మా అక్క ఉద్యోగం నాకు వద్దు. మా అక్క తిరిగి డ్యూటీకి వస్తుంది. నా పేరు మీద ఎవరు ఏ కాగితం పెట్టినా చెల్లదు." సంతకం పెట్టి ఇచ్చాను. క్లర్కు, "ఏమప్పా, వచ్చే ఉద్యోగాన్ని కాలదన్నుకుంటాండావు, పిచ్చా?" అన్నాడు. మామ పక్కనే నిలబడి తిట్టాడు. ఇంటికొచ్చాక అమ్మ తిట్టింది. నీకు ముందే రాసి ఉండాల్సింది. గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని రాయలేదు. ఆపెయ్యమన్నది ఉద్యోగం కోసం కాదు. నువ్వు మళ్ళీ పడతావేమోనని నాకు రోజూ భయమే. ఆ భయాన్ని నీ మీద పెట్టాను.

ఒకటి అడుగుతాను. తప్పు వెతకడంలో నువ్వు అసలు సంగతి చూసుకున్నావా? పదిహేను రాయి ఇరవై ఒక్క కిలోలు. నువ్వు దాన్ని ఐదుసార్లు ఎత్తానని రాశావు. క్లర్కు అడిగిన ఇరవై నువ్వు సెప్టెంబరు ఇరవై ఏడుననే దాటేశావక్కా.

నీ తమ్ముడే
తిరుపాల్


హిందూపురం,
23 జనవరి 2000

నా తమ్ముడు తిరుపాల్‌కు,

ఈసారి దీవెనలు ముందే. నూరేళ్ళు ఉండు, చేతి మీద సుత్తి పడకుండా ఉలి పట్టు. బి.కాం రాళ్ళు కొడితే నవ్వుతానా? ఆడది సంచి తగిలించుకుంటే ఊరంతా నవ్వింది, నేను నిన్ను చూసి నవ్వుతానా? ఇన్నాళ్ళు జవాబు రాయడానికి మొహం చెల్లలేదు. నేనన్న మాటలు నేనే మింగుతున్నాను. అనుమానం పెట్టుకుని నీ ఉత్తరాలు చదివాను. "జాగ్రత్త" అని రాస్తే కూడా నా సంచి అడిగినట్టే వినిపించింది నాకు. తప్పు నాది.

నీ ఉత్తరం షెడ్డులో బయటికి చదివాను. గ్యాంగ్‌మన్లు పడీపడీ నవ్వారు. సారు నవ్వలేదు. "మీకు ముందే తెలుసా సార్?" అని అడిగాను. "మొదటి రోజు చేతిలోకి తీసుకున్నప్పుడే తెలుసు. యాభై ఏండ్లు బరువులెత్తిన చెయ్యి," అన్నాడు. మరి చెప్పలేదేం అంటే, "నేను రాయిని చూసి నీకు పని చెప్పలేదమ్మా. నీ మోకాలిని చూసి చెప్పినా. మోకాలికి అంకెలు చదవను రాదు," అన్నాడు. ఇన్ని నెలలు ఏడిపించాడని కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఇరవై రాయి దగ్గరికి పోయాను. అది కదల్లేదు. అంటే ఇరవై ఎనిమిది కిలోలు. ఉండనీ, అది నాకు బాకీ.

ఇక బోర్డు. పందొమ్మిదో తేదీ. ముగ్గురు డాక్టర్లు. ఒకాయన ఫిల్ము చూశాడు, ఒకాయన మోకాలు వంచి చూశాడు, మూడో ఆయన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నాడు. నాకు నవ్వొచ్చింది. లేచాను. ఐదు నిమిషాల్లో ఫిట్ అని సంతకం పెట్టారు. మూట లేదు, నిచ్చెన లేదు. తొమ్మిది నెలలు నేను మోసిన ఆ ఇరవై కిలోలను ఎవరూ అడగనే లేదు.

కాగితం తీసుకుని డిపోకు పోయాను. పెద్ద క్లర్కు ఎంట్రీ వేసుకుంటుంటే అడిగాను, "సార్, టాపు మీదికి మూట ఎక్కించాలన్నారంట?"

"ఆ మాటా? ఊరికే తమాషాకు అన్నాలేమ్మా."

"నేను తమాషాకు తీసుకోలేదు సార్. రండి."

రాలేదు. కిటికీలోంచి చూడండి అన్నాను. ముందు గుడిబండ బస్సు ఆగి ఉంది. ఒక రైతు చింతపండు మూట పెట్టుకుని పైన ఎవరేస్తారా అని చూస్తున్నాడు. "పెద్దాయనా, నేనేస్తా. ముందు తూచాల," అన్నాను. పార్శిలు కాటా మీద పెట్టించాను. ఇరవై మూడు. కిలోలే, మూడుసార్లు అడిగాను.

చీర కొంగు బిగించాను. మూట భుజాన వేసుకుని నిచ్చెన పట్టుకున్నాను. మూడో మెట్టు మీద కాలు ఆగింది తిరుపాలూ. ఆ పాత భయమే, బస్టాండులో పక్కకు జరిపించిన భయం. కింద రైతు, "వద్దులేమ్మా, పడతావు," అన్నాడు. మడమతో మెట్టును తోశాను. మోకాలు లోపలికి పడకుండా చూసుకున్నాను. నాలుగు, ఐదు, ఆరు. మూటను టాపు మీద పడేసి నేనూ ఎక్కి నిలబడ్డాను. డిపో అంతా కనిపించింది. గ్యారేజీలో మెకానిక్కులు స్పానర్లు వదిలి చూస్తున్నారు. జయలక్ష్మి తన బస్సులోంచి విజిలేసింది, ఎంతసేపో ఆపకుండా. క్లర్కు కిటికీ తలుపు మూశాడు.

ఎక్కడం కంటే దిగడం కష్టం. దిగాక కాలు వణికింది. కానీ అది నా కాలే. వేరే ఎవరిదో తగిలించినట్టు లేదు.

రేపు సోమవారం నుంచి డ్యూటీ. హిందూపురం - ధర్మవరం, నువ్వుండే పెనుకొండ మీదుగానే. నువ్వెక్కితే టికెట్టు తీసుకోవాల్సిందే, తమ్ముడని వదలను.

ఇప్పుడు, తర్వాత అన్న మాట. నువ్వు అడిగి ఎనిమిది నెలలైంది. ఆ రోజు నిన్ను తిట్టలేదెందుకంటే, తిట్టడానికి నాకు హక్కు లేదు. నువ్వు మెల్లగానే పోతున్నావు. డ్యూటీకి టైమైపోతోంది, పోనీరా పోనీ అని వెనకాల నుంచి వీపు మీద తట్టింది నేను. గుట్టూరు మలుపు ముందే తట్టాను. నీకు గుర్తు లేదా, గుర్తుండి అనలేదా? నేను మాత్రం ఏడాదిగా దాన్ని చెప్పలేక కర్ర మీదా అంకెల మీదా అరిచాను. ఇద్దరం ఒకే రాయిని చెరో వైపు పట్టుకుని ఎత్తాల్సింది పోయి, ఒకరికి తెలియకుండా ఒకరం మోశాం.

ఆదివారం నాకు వీక్లీ ఆఫ్. పెనుకొండ వస్తాను. బండి మీది గోనెపట్ట తియ్యి. తుడిచి పెట్టు. గుట్టూరు మలుపు దాకా పోయి వద్దాం. నువ్వు నడుపు, నేను వెనకాల కూర్చుంటాను. ఈసారి తట్టను.

అక్క
నీలావతి


పెనుకొండ,
27 జనవరి 2000

అక్కా,

కార్డు మీద రాస్తున్నాను, కండక్టరు చదివినా పర్వాలేదు. కండక్టరు నువ్వే కదా.

వీపు మీద తట్టింది గుర్తుంది. హ్యాండిల్ పట్టుకున్నది నేను కాబట్టి అనలేదు.

గోనెపట్ట తీశాను. లోపల కోడి గుడ్లు పెట్టి ఉంది. బండి నలభైసార్లు తొక్కితే స్టార్టయింది, తొక్కీ తొక్కీ నా కాలు కూడా కసరత్తు చేసింది. నిన్న ఒక్కడినే గుట్టూరు మలుపు దాకా పోయి వచ్చాను. మలుపులో కంకర ఇంకా ఉంది. మెల్లగా పోతే చాలు.

మెకానిక్కు వెనక స్ప్రింగు మారుస్తానంటున్నాడు. కూర్చునే మనిషి బరువెంతని అడిగాడు. ఆ రాళ్ళెత్తి ఎంత పెరిగావో నాకు తెలియదు. ఎంతో రాసి పంపు. కిలోల్లో.

తిరుపాల్